ఆవేళ పోసుకోని నీళ్ళు

హారికా, మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో పంపిన చిన్న వీడియో చూశానమ్మా. మీ తాతగారు కళ్ళజోడు వెతికి తెచ్చి ఇచ్చేదాకా అదేంటో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. "మామ్మా, ఇది మన పాత ఇల్లేనా? ఏడుస్తున్న ఆవిడ తాతమ్మేనా?" అని కింద అడిగావు. అవునమ్మా, మన ఇల్లే. ఆ చెక్కస్తంభాలు మనవే. మూల స్తంభం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డది నేను. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని చెరుకుముక్క నములుతున్న పిల్లాడు మీ నాన్న. పాడె మీద పడుకున్న అమ్మాయి పాదాల దగ్గర కూలబడి ఏడుస్తున్నావిడ మీ తాతమ్మ, అంటే మా అత్తగారు. ఎవరో ఆ బొమ్మల వెనక వయొలిన్ పెట్టారు. "ముసలావిడ ఏం నటించింది!" అని ఒకరు రాశారు. ఆవిడ నటించలేదమ్మా. అది ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో ట్యూషన్ అంటావు, తమ్ముడు ఫోను లాక్కుంటాడు. అందుకని కూచుని రాస్తున్నాను. మీ పూణేలో వాన పడుతున్న రోజున ఇద్దరూ తీరిగ్గా చదువుకోండి.

ఆ ఇల్లు మీరు చూడలేదు. మీరు పుట్టకముందే పడగొట్టారు. రామచంద్రపురం దగ్గర కాలవ గట్టునుండేది. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. నడిమి మండువాలో వానపడితే నాలుగువైపులా చూరునీళ్ళు కారేవి. ఆ చప్పుడులోనే నేను కొత్తకోడలిగా నిద్రపోవడం నేర్చుకున్నాను. పెరట్లో నూతి పక్కన దాలి ఉండేది. దాలి అంటే పిడకలు నింపి రాజేసిన గుంట. తెల్లారకుండానే అత్తయ్యగారు పాలకుండ దాని మీద పెట్టేవారు. పొద్దల్లా మెల్లగా కాగి సాయంత్రానికి పాలు ఇటుకరాయి రంగుకి తిరిగేవి, మీగడ అట్టుకట్టేది. ఆ పొగవాసన ఇంట్లో బట్టలకీ, దుప్పట్లకీ, మీ నాన్న జుట్టుకీ కూడా పట్టి ఉండేది. ఇప్పుడు రాజమండ్రిలో ప్యాకెట్టు పాలు కాస్తున్నప్పుడు ఒక్కోసారి ఊరికే వాసన చూస్తాను. ఏమీ ఉండదు.

మా అత్తగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆవిడకి నలుగురూ మగపిల్లలే. ఆడపిల్ల లేని ఇల్లని ఊళ్ళో అనేవారు గానీ, ఆవిడ ఎప్పుడూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు. ఆవిడకున్న పట్టుదల ఒక్కటే. గుమ్మం తొక్కిన మనిషి తినకుండా వెళ్ళకూడదు. గేదెలకి మందు వెయ్యడానికొచ్చిన డాక్టరైనా, కరెంటు మీటరు చూసుకునే అతనైనా సరే, "చెయ్యి కడుక్కోండి" అనేవారు. అంతే. బతిమాలడం, మొహమాటపెట్టడం ఉండేవి కావు. చెంబు చేతికిచ్చి నిలబడేవారు. తీసుకోక ఏం చేస్తారు?

ఆ రోజుల్లో సినిమావాళ్ళు మా వైపు ఎక్కువగా పాటలకోసం వచ్చేవారు. కాలవ మీద పడవ, వరిచేల గట్టు, కొబ్బరిచెట్ల కింద పరుగు. అలా ఒక సినిమా కంపెనీ మేనేజరుగారు వచ్చి మామయ్యగారిని అడిగాడు. "పుట్టింటి సీన్లండి. హీరోయిన్ తన పుట్టింటికొస్తుందండి. మీ ఇల్లయితే అచ్చం సరిపోద్దండి." పుట్టింటికి వచ్చే సీన్లంటే పసుపూ గడపా పేరంటమూ అనుకున్నారు మామయ్యగారు. సరేనని మాటిచ్చేశారు. లారీలు వచ్చి, లైట్లు దిగి, మండువా నిండా నల్లటి తీగలు పాకాక తెలిసింది కథేంటో. ఒక పల్లెటూరి పిల్ల మద్రాసు వెళ్ళి పెద్ద తార అవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆ పిల్ల మీద పడి బతుకుతారు. మందులూ, నిద్ర లేకపోవడమూ, నమ్మినవాళ్ళు దగా చెయ్యడమూ. చివరికి ఎవరికీ అక్కర్లేకుండా పోయి, చిక్కి శల్యమై, చావడానికి పుట్టింటికొస్తుంది. ఆ చావు మా ఇంట్లో తియ్యాలి.

"సినిమావాళ్ళ పాపాల మీద సినిమావాళ్ళే సినిమా తీసుకోవడం ఏంటండీ!" అన్నారు మామయ్యగారు డైరెక్టరుగారితో.

ఆయన నెమ్మదస్తుడు. గడ్డం నిమురుకుని, "మేం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారండీ? లోకానికి తెలియాలి కదా" అన్నాడు. నిజంగానే అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆయన్ని నేను ఇవాళ్టికీ తప్పుపట్టలేను. కానీ ఆ కథ చెప్పడానికి ఆయన ఏం చేయిస్తున్నాడో ఆయనకే కనబడలేదు.

హీరోయిన్‌గా వేసిన అమ్మాయికి ఇరవయ్యేళ్ళు కూడా ఉండవేమో. తెర మీద పేరు నేను రాయను. మీరు ఫోన్లో వెతుకుతారు, వెతికితే వచ్చేవి నాకిష్టం లేదు. చిక్కిపోయినట్టు కనబడాలని ఆ పిల్లకి అన్నం మాన్పించారు. పొద్దున ఒక గ్లాసు పల్చటి మజ్జిగ, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, సాయంత్రం మళ్ళీ మజ్జిగ. వాళ్ళమ్మ కూడా ఉండేది. గళ్ళచీర, చేతిలో ఎప్పుడూ విసనకర్ర. ఆ అమ్మ చెడ్డదని నేను రాయను. పిల్ల కునుకుతీస్తే పక్కన కూచుని చెయ్యి నొప్పిపుట్టేదాకా విసిరేది. పిల్ల తినట్లేదని తనూ సరిగ్గా తినేది కాదు. కానీ ఎవరైనా పళ్ళెం పట్టుకొస్తే మాత్రం అడ్డంగా నిలబడేది.

మొదటిరోజే అత్తయ్యగారు మేనేజర్ని నిలదీశారు. "ఆ పిల్ల ఏమీ తినట్లేదేంటండీ?"

"డైటింగండి. పాత్రకి అవసరమండి."

"ఎవరి పాత్రండీ? మా ఇంట్లో పాత్రలన్నీ నిండుగానే ఉంటాయి" అన్నారావిడ. యూనిట్‌లో అందరూ ఘొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

రెండో మూడో రోజు మధ్యాహ్నం. వాళ్ళమ్మకి కాస్త కన్నంటుకుంది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి ఆ పిల్ల దాలి పక్కన గొంతుకూచుని ఉంది. మొహానికి చావుకళ రంగు పూసుంది, కళ్ళకింద నలుపు. అత్తయ్యగారు పాలకుండ మూత తీసి మీగడ అట్టంతా తీసి, పంచదార చల్లి, ఆకులో పెట్టి ఇచ్చారు. ఆ పిల్ల తినలేదు, మింగేసింది. వేళ్ళు నాకింది. ఆకు నాకింది. పెదాల రంగు చెదిరిపోయింది.

"నీ పేరేంటమ్మా?"

తెర పేరు చెప్పింది.

"అది కాదు. మీ అమ్మ పెట్టింది."

నూతివైపు చూసి, "నూకరత్నమండి. మాది తుని దగ్గరండి. చెప్పొద్దండి, అమ్మ తిడతాది. మద్రాసని చెప్పమంది" అంది. అప్పటిదాకా పత్రికలో మాటలాగా మాట్లాడిన పిల్ల, ఆ ఒక్క మాటతో మన పక్కూరి పిల్లయిపోయింది. అప్పట్నుంచి అత్తయ్యగారికి ఆ అమ్మాయి రత్నం. రోజూ వాళ్ళమ్మ కునుకు తియ్యడం, రత్నం దాలి దగ్గరికి రావడం. తింటూ బోలెడు కబుర్లు చెప్పేది. పాటలకి గెంతేటప్పుడు కళ్ళు తిరుగుతాయనీ, పడుకుందామంటే మాత్రలు మింగాలనీ, లేవాలంటే వేరే మాత్రలనీ. అన్నీ నవ్వుతూనే చెప్పేది. అవన్నీ ఆ సినిమా కథలో ఉన్నవే. "డైరెక్టరుగారు బాగా రాశారండి, అచ్చం అలాగే ఉంటాదండి" అని మెచ్చుకుంది కూడా.

చావు తీసే రోజు రానే వచ్చింది. పొద్దున్నే వెదుళ్ళు మోసుకొచ్చి మండువాలో పాడె కట్టబోయారు. అత్తయ్యగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "బతికున్న పిల్లకి మా ఇంట్లో పాడె కడతారా?"

మేనేజరు చేతులు జోడించాడు. "అమ్మగారూ, ఉత్తుత్తిదండి."

"చావులో ఉత్తుత్తిది ఉంటుందా?"

మామయ్యగారు ఇరుకున పడ్డారు. ఇచ్చిన మాట ఒకవైపు, ఆవిడ ఒకవైపు. చివరికి డైరెక్టరుగారే వచ్చి, చావు సీను తీసిన వెంటనే నటి నవ్వుతూ ఉండగా కెమెరాతో ఒక బొమ్మ తీస్తామనీ, దాంతో దోషం పోతుందనీ, అది వాళ్ళ ఆచారమనీ చెప్పాడు. అత్తయ్యగారు గుమ్మంలోంచి తప్పుకున్నారు. "మీ ఆచారం మీరు చెయ్యండి. మాదొకటుంది, అది మేం చెయ్యం" అన్నారు.

అదేంటో మీకు చెప్పాలి. శవం గుమ్మం దాటగానే ఆడవాళ్ళు ఇల్లంతా నీళ్ళతో కడిగి, తలమీద నుంచి నీళ్ళు పోసుకోవాలి. మనవాళ్ళెవరైనా ఎక్కడో పోయారని కబురొచ్చినా అంతే, ఉన్నపళంగా నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. పోసుకున్నారంటే చావుని ఒప్పుకున్నట్టు. ఆవేళ అత్తయ్యగారు ఊరి ఆడవాళ్ళందరికీ చెప్పేశారు. "ఇవాళ ఒక్కరూ స్నానం చెయ్యడానికి వీల్లేదు. ఇంట్లో చెంబెడు నీళ్ళు కుమ్మరించడానికి వీల్లేదు. మనం పోసుకోకపోతే ఈ చావు చావు కాదు."

షూటింగ్ మొదలైంది. ఊరి ఆడవాళ్ళందర్నీ చుట్టూ కూచోబెట్టి ఏడవమన్నారు. ఎవరికీ ఏడుపు రాదే! ఒకరు ఏడుపు మొదలుపెడితే పక్కనావిడ కిసుక్కున నవ్వడం, అందరూ కొంగులు మూతికి అడ్డంపెట్టుకోవడం. కళ్ళలో ఏదో మందు వేస్తే కళ్ళు మండి తిట్లు లంకించుకున్నారు. డైరెక్టరుగారు తల పట్టుకున్నాడు. అత్తయ్యగారి దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ కాలి బొటనవేళ్ళు కట్టడం మీరు చెయ్యండి. మీ చేతులు చాలు, మీరు ఏడవనక్కర్లేదు" అన్నాడు.

"గుడ్డ చుడతాను. ముడి మాత్రం వెయ్యను" అన్నారావిడ.

వెళ్ళి పాదాల దగ్గర కూచున్నారు. గుడ్డ అందుకుని ఆ రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకున్నారు. అంతే, ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఆ మే నెల ఎండలో, అంత లైట్ల వేడిలో, ఆ పాదాలు చల్లగా ఉన్నాయట. ముందురోజు నుంచి ఆ పిల్లకి మజ్జిగ కూడా ఇవ్వలేదు, దాలి వైపూ రానివ్వలేదు, పక్కటెముకలు కనబడాలని. మేం ఇదంతా ఆ రాత్రి విన్నాం. అప్పుడు చూసింది మాత్రం, ఆవిడ ఆ పాదాల మీద తల ఆన్చి, "రత్నం! అమ్మా రత్నం! నీకు ఇంత అన్నం పెట్టేవాళ్ళే లేకపోయారా తల్లీ!" అని గొంతు చించుకుని ఏడవడం. నలుగురు కొడుకుల్ని కని ఏనాడూ గొంతెత్తని మనిషి. దాంతో మిగతావాళ్ళూ అందుకున్నారు. మీ నాన్న బెదిరిపోయి నన్ను పట్టుకున్నాడు. పాడె మీద పడుకున్న పిల్ల మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. కెమెరా అటువైపు లేదు.

నువ్వు పంపిన దాంట్లో ఆవిడ పెదాలు చూడమ్మా. ఆ కథలో పిల్ల పేరు వేరే. ఆ రోజుల్లో మాటలు తరవాత ఎవరిచేతో చెప్పించి అతికించేవారు, అందుకని ఆవిడ గొంతు అందులో లేదు. పెదాలు మాత్రం రత్నం, రత్నం అంటూనే ఉన్నాయి.

సీనయ్యాక పిల్లని లేపి నవ్వమన్నారు. బొమ్మ తీశారు. వాళ్ళమ్మ రుసరుసలాడుతూ వచ్చింది. "అందరి ముందూ ఆ పేరెందుకండీ? ఎంత కష్టపడి మార్చుకున్నామో తెలుసా మీకు?"

అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళి దిబ్బరొట్టె తెచ్చారు. పొద్దున్నే మినప్పిండి మందంగా పోసి, కిందా పైనా నిప్పులేసి కాల్చి ఉంచిన రొట్టె. చుట్టూ కరకరలాడే అంచు, పైన చెరుకు పానకం. "చచ్చి లేచిన పిల్ల. పుట్టింట్లో తినే లేవాలి. అడ్డం రాకండి" అన్నారు. వాళ్ళమ్మ ఏమనుకుందో గానీ పక్కకి జరిగింది. తరవాత స్తంభానికానుకుని తనూ ఏడ్చింది. ఆవేళ మాలో ఎవరం నీళ్ళు పోసుకోలేదు. చెమటతో, నలిగిన బంతిపూల వాసనతో అలాగే పడుకున్నాం. "మీ అమ్మ నన్ను చంపుకుతినేస్తోంది, ఒళ్ళంతా దురద" అని నేను మీ తాతగారితో గొణిగాను. ఆయనా గోక్కుంటూనే ఉన్నారు.

వెళ్ళేరోజు అత్తయ్యగారు రత్నం ఒడిలో చలిమిడి పెట్టారు, ఇంటి ఆడపిల్లని సాగనంపినట్టు.

"మళ్ళీ రావచ్చా అండి?" అంది ఆ పిల్ల.

"పుట్టింటికి ఎవరైనా అడిగి వస్తారా?" అన్నారావిడ.

సినిమా వచ్చింది. బాగా ఆడింది. మేమంతా ఎడ్లబండి మీద కాకపోయినా అంత సంబరంగానే ఆటో కట్టించుకుని వెళ్ళాం. హాల్లో జనం వెక్కివెక్కి ఏడ్చారు. చివరి సీను ముందే అత్తయ్యగారు లేచి బయటికొచ్చి సోడాబండి పక్కన నిలబడ్డారు. ఆ పిల్ల చాలా పెద్ద పేరే తెచ్చుకుంది. పత్రికల అట్టల మీద ఎక్కడ చూసినా తనే. ఆ తరవాత బొమ్మ లోపలి పేజీలకి వెళ్ళింది. ఆ తరవాత బొమ్మలు తగ్గి రాతలు ఎక్కువయ్యాయి. ఆ రాతలు చదివి వినిపించొద్దన్నారు అత్తయ్యగారు.

ఇంట్లో ఫోను పెట్టించాక ఒకసారి మోగింది. నేనే తీశాను. "నూకరత్నాన్నండి" అంది అవతల గొంతు. బొంగురుపోయుంది. రాజమండ్రిలో ఏదో బట్టలకొట్టు ప్రారంభోత్సవానికి వస్తున్నాననీ, అటునుంచటు మా ఇంటికొస్తాననీ చెప్పింది. "దిబ్బరొట్టె కాల్చమనండి పెద్దమ్మగార్ని." అత్తయ్యగారు మినప్పప్పు నానబోశారు. తనే రుబ్బారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. రొట్టె కాలింది, చల్లారింది. వాకిట్లో నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళు నీరుపట్టాయి. ఆ పిల్లని చూడ్డానికి జనం విరగబడి అద్దాలు పగిలాయనీ, కారులో ఎక్కించి అట్నుంచటే తీసుకుపోయారనీ మర్నాడు తెలిసింది. ఆ రొట్టె ఆవిడ ఎవరికీ పెట్టలేదు. తీసుకెళ్ళి గేదె ముందు వేశారు.

హారికా, ఒక మాట అడగనా? మీ అమ్మ చెప్పింది, నువ్వు ఆ రీల్సు చేస్తున్నావనీ, బుగ్గలు లావుగా కనబడుతున్నాయని రాత్రిళ్ళు అన్నం మానేస్తున్నావనీ. నేను వద్దని చెప్పేదాన్ని కాను. డాన్సు బాగా చేస్తున్నావు కూడా, నేను చూస్తున్నాను. ఆ రోజుల్లో అన్నం మాన్పించడానికి ఒక డైరెక్టరు, ఒక మేనేజరు, ఒక అమ్మ కావలసి వచ్చేది. కనీసం ఎవరో ఒకరు పెరటిదారిన మీగడ పెట్టగలిగేవారు. ఇప్పుడు నీ గదిలో తలుపేసుకుని నీకు నువ్వే మాన్పించుకుంటుంటే, ఇంత దూరం నుంచి నేనేం పెట్టనమ్మా?

ఇంక చివరిది చెప్పేస్తాను. టీవీలో రోజంతా వార్తలు వచ్చే రోజులొచ్చాయి. ఒకనాటి మధ్యాహ్నం అత్తయ్యగారు ముక్కు మీద కళ్ళజోడుతో చింతపండు గింజలు తీస్తున్నారు. అప్పటికి వంగిపోయారు. వీధిలోంచి నలుగురు పరిగెత్తుకొచ్చారు. "పెద్దమ్మగారూ! మిమ్మల్ని టీవీలో చూపిస్తున్నారండి! రండి రండి, మన ఇల్లండి!" వాళ్ళ మొహాల్లో సంబరం. పాపం, వాళ్ళకి ముందు అదే కనబడింది.

టీవీ పెట్టాం. ఆ పిల్ల హైదరాబాదులో అద్దె ఇంట్లో చనిపోయింది. తలుపులు తీసేసరికి ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదట. అసలు అంత్యక్రియలు ఎవరు చేశారో, ఎవరు వచ్చారో ఏమీ చూపించలేదు, వాళ్ళ దగ్గర ఉంటేగా చూపించడానికి. అందుకని మా మండువాలో తీసినదే వేశారు. పాడె, బంతిపూలు, మూల స్తంభం పక్కన నేను, పాదాల మీద పడి ఏడుస్తున్న అత్తయ్యగారు. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి. కింద ఎర్రటి అక్షరాలు పరిగెడుతున్నాయి. వచ్చినవాళ్ళు ఒకరొకరే గుర్తుపట్టుకుంటున్నారు. "అదిగో నేను! అదిగో మా అమ్మ, పోయింది పాపం."

అత్తయ్యగారు తెరమీద తనని తను చూస్తూ కూచున్నారు. కళ్ళలో చుక్క నీరు లేదు. చేతిలో చింతపండు పళ్ళెం పక్కన పెట్టి, చెయ్యి ఆన్చుకుని లేచారు. గోడ పట్టుకుని పెరట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. నూతి చప్టా మీద నిలబడి, "నీళ్ళు తోడు అమ్మాయీ" అన్నారు.

మామయ్యగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. "ఏంటే ఇది, జొరంపడి లేచావు, ఈ వేళప్పుడు తలమీద నీళ్ళేంటి? ఆ పిల్ల మనకేమవుతుందని?"

ఆవిడ కొప్పు విప్పుకున్నారు. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది.

"ఆవేళ పోసుకోలేదు కదండీ" అన్నారు.

నేను చేదతో నీళ్ళు తోడి ఆవిడ తల మీద పోశాను. కట్టుకున్న చీరతోనే, చలికి వణుకుతూ, చాలు అనకుండా నిలబడ్డారు. లోపల టీవీలో ఆవిడ ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. తరవాత చేద దించి, నేనూ పోసుకున్నాను.